ఎదురు చుట్టు

దసరాకు ముందు రోజుల్లో సిద్దిపేట బస్టాండు బయట సీతాఫలాల గంపలు దిగుతాయి. గుట్టల మీద కోసిన కాయలు నలగకుండా గంప అడుగున ఆ చెట్టు ఆకులే పరుస్తారు. మొన్న మందులు తెచ్చుకుని వస్తుంటే ఒకామె ఖాళీ గంపను బోర్లించి ఆకులు దులిపింది. వాటిని ఎవరో తొక్కుకుంటూ పోయారు. ఆ పచ్చి చేదు వాసన ముక్కుకు తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. డెబ్బై దాటిన మనిషి దారికడ్డంగా నిలబడితే ఎవరికైనా విసుగే. "పెద్దమనిషీ, జర జరుగు" అన్నాడు ఆటో అతను. జరిగాను. కానీ ఇంటికి చేరేదాకా ఆ వాసన నన్ను వదల్లేదు. నాకు తెలిసినంతవరకు అది మదార్ సాబ్ పాదాల వాసన. నడిచి నడిచి పగిలిన మడమలకు ఆయన ప్రతి సాయంత్రం సీతాఫలం ఆకు నూరి పట్టించుకునేవాడు.

మదార్ సాబ్‌ను ఎరిగినవాళ్లు ఇప్పుడు ఈ ఊళ్లో నేను, నా భార్య తప్ప ఎవరూ మిగల్లేదు. నిజాం సర్కారులో ఆయన జంగ్లాత్ జవాను, అంటే అడవి కాపలాదారు. ముప్పై ఏళ్లు అదే పని చేశాడు. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉండేవాడు. ఖాకీ అంగీ, ఛాతీ మీద అడ్డంగా పట్టీ, పట్టీకి ఇత్తడి బిళ్ల. ఆయన చివరి రెండేళ్లలో నేను ఆయన కింద పనిచేశాను. నాకప్పుడు ఇరవై ఏళ్లు. ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివానని, మా బాపు ఎవరెవరినో బతిమాలుకుంటే దొరికిన నౌకరీ అది.

సర్కారు అడవి అంటే ఆకాశం కనబడని కీకారణ్యం కాదు. సిద్దిపేటకు ఉత్తరాన మొదలై కోహెడ దిక్కుకు సాగిపోయే గుట్టలు, వాటి నడుమ తునికి, మోదుగ, మద్ది చెట్లు, అక్కడక్కడా టేకు. ఆ అడవి హద్దు వెంట నడుమెత్తు రాళ్ల కుప్పలు పేర్చి సున్నం పూసేవారు. ఒక కుప్ప దగ్గర నిలబడితే మరో కుప్ప కనబడాలి. ఆ కుప్పల వెంట ఒక కాలిబాట ఉండేది. ఊరి బయట బయలుదేరి ఆ బాటనే పట్టుకుని పోతే, ఏడు మజిలీలు దాటి ఎనిమిదో రోజున మళ్లీ ఊరి బయటే తేలుతాం. దాన్ని అందరూ 'చుట్టు' అనేవారు. నెలకొకసారి ఆ చుట్టు తిరగడమే మా ఉద్యోగం.

మొదటిసారి బయలుదేరిన రోజు నేను కొత్త చెప్పులతో, పెద్ద మూటతో వెళ్లాను. మదార్ సాబ్ మూట విప్పించి సగం సామాను తీసి పక్కన పెట్టాడు. చెప్పులు మాత్రం ఏమీ అనలేదు. రెండో రోజుకు అవే కరిచి బుద్ధి చెప్పాయి. ఊరు దాటగానే ఆయన నన్ను ఆపి, నా కుడిచెయ్యి పట్టుకుని గుట్టల వైపు చాపించాడు.

"అడివి ఎప్పటికి గీ చేతి దిక్కే ఉండాలె. యాదుంచుకో."

"ఎడమదిక్కుంటే ఏమైతది చిచ్చా?"

"అడివికేం కాదు. నీకైతది. పామే కుడ్తదో, కాలే ఇరుగుతదో. ఎనుకున్నోడు లెక్క గట్టాలె. నర్సింలు పోయి నాలుగొద్దులైంది, అంటే గీ మజిలీల ఉంటడని ఎదురు రావాలె. నువ్వొకసారి అటు, ఒకసారి ఇటు నడిస్తే నిన్ను యాడ దేవులాడాలె బిడ్డా?"

ఆ ఒక్క నియమం ఆయన ముప్పై ఏళ్లూ తప్పలేదని తర్వాత తెలిసింది.

నడకలో ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఏ వాగు ఏ నెలలో ఎండుతుందో, ఏ బండ కింద నీరు ఊరుతుందో చెయ్యి చూపించి చెప్పేవాడు. కానీ చెట్లు దట్టంగా ఉన్నచోటికి రాగానే పెద్దగా దగ్గేవాడు. ఒకసారి కాదు, ఆగి ఆగి నాలుగైదుసార్లు. నేను జబ్బనుకున్నాను. మూడో చుట్టులో గాని నాకు అర్థం కాలేదు. ఆ దగ్గు వినబడగానే ముందర పొదల్లో గాజుల చప్పుడు, గబగబా అడుగులు వినిపించేవి. మేం అక్కడికి చేరేసరికి కొట్టిన కొమ్మల మొదళ్లు మాత్రం తెల్లగా కనబడేవి. ఆ మొదళ్లను చూసి ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని చెట్టునే తిట్టేవాడు. "సిగ్గులేదా నీకు, ఎవ్వలు గొడ్డలి తెస్తే వాళ్ల ముందట వంగుతవా?"

వయసు వేడిలో నాకది నచ్చేది కాదు. ఒకరోజు ఆయన వెనకబడ్డప్పుడు నేను చప్పుడు కాకుండా ముందుకు పోయి, కట్టెలు కొడుతున్న ఒక ముసలాయనను గొడ్డలితో సహా పట్టుకున్నాను. గొప్ప పని చేశానని తెచ్చి మదార్ సాబ్ ముందు నిలబెట్టాను. మదార్ సాబ్ ఆ ముసలాయనను ఏ ఊరని అడిగాడు, ఇంట్లో ఎంతమంది అని అడిగాడు. తర్వాత గొడ్డలి నా చేతికిచ్చాడు.

"నువ్వు పట్టినవు గద. కచేరికి నువ్వే తోలుకపో. ఆడ ఈన్ని ఏం జేస్తరో నిలబడి చూడు. ఈయన ఇంట్ల గుడ చెప్పిరా. పట్టుడు అల్కనే బిడ్డా. పట్టినంక అయ్యేదంత నువ్వే మొయ్యాలె."

నేను కదల్లేదు. ముసలాయన చేతులు జోడించుకుని నా మొహంలోకే చూస్తున్నాడు. చివరికి గొడ్డలి ఆయన కాళ్ల దగ్గర పెట్టి ముందుకు నడిచాను. ఆ సంగతి మదార్ సాబ్ మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆయనకు పిల్లలు లేరు. ఊళ్లో ఒక కిరాయి గదిలో భార్య బీబమ్మతో ఉండేవాడు. చుట్టు నుంచి వచ్చిన రోజు నన్ను తన ఇంటికే తీసుకుపోయేవాడు. బీబమ్మ జొన్న రొట్టెలు కాలుస్తూ, "మీ చిచ్చ అడివిల ఏమేం మాట్లాడిండు?" అని నన్నడిగేది. ఆయన ఇంటి దగ్గర మాట్లాడడని, అడవిలోనైనా మాట్లాడతాడేమోనని ఆమె ఆశ. నేను లేనివి కూడా కల్పించి చెప్పేవాణ్ని. ఆయన తలవంచుకుని తింటూ నవ్వుకునేవాడు.

రెండో ఏడు వేసవిలో నా పెళ్లయింది. శ్రావణంలో నా భార్య కాపురానికి వచ్చింది. అప్పుడే వానలకు చుట్టు చివరి నడకలో, అంటే అడవిలోని జంగ్లాత్ గుడిసెకు, ఊరికి మధ్య, పదకొండు రాళ్ల కుప్పలు కూలిపోయాయి. వాటిని పేర్చి రమ్మని మదార్ సాబ్ నన్నొక్కణ్నే పంపాడు. నాలుగు రోజుల పని. నేను ఒక్క పూట వెళ్లి, రెండు రాళ్లు కదిలించి, ఇంటికి వచ్చేశాను. కొత్త పెళ్లాం మీద మనసు, పైన వాన. అయిదో రోజు ఆయన దగ్గరికి వెళ్లి, "అన్ని పేర్చిన చిచ్చా" అన్నాను. ఆయన "మంచిది" అన్నాడు. నా మాట నమ్మి కాగితం మీద తన వేలిముద్ర వేశాడు. ఆయనకు చదువు రాదు. ఆ కాగితం రాసింది నేనే.

ఆ రోజులు ఎట్లాంటివో ఇప్పటివాళ్లకు చెప్పినా అందదు. ఊళ్లలో రజాకార్ల దాడులు, వాళ్లకు ఎదురు తిరిగినవాళ్ల కాపలాలు. ఏ ఊరి పొలిమేరలో అడుగుపెట్టినా ముందు బట్టలు చూసి, తర్వాత మొహం చూసేవారు. భాద్రపదంలో చవితి పోయిన వారానికి మదార్ సాబ్ చుట్టుకు బయలుదేరాడు. నాకు జ్వరం తగిలి ఉండడంతో వెంట రావద్దన్నాడు. రెండు వారాల్లో పై అధికారి వచ్చి హద్దు చూస్తాడని కబురు ఉంది. సోమవారం పొద్దున మా ఇంటి ముందు నుంచే వెళ్తూ, గడపలో కూర్చున్న నన్ను చూసి, "గంజి తాగు, లేవకు" అన్నాడు. అదే నేను విన్న ఆయన చివరి మాట.

ఆ వారంలోనే ఇండియా పటాలాలు వచ్చాయి. ఆకాశంలో విమానాలు తిరిగాయి. శుక్రవారం సాయంత్రానికి నిజాం లొంగిపోయాడని ఊరంతా పొక్కింది. కొందరు బజారులో గులాల్ చల్లుకున్నారు. కొన్ని ఇళ్ల తలుపులు మూతపడ్డాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే కబుర్లలో మంచివి తక్కువ. ఖాకీ బట్ట కనబడితే రజాకారేనని కొడుతున్నారని కూడా విన్నాను. మదార్ సాబ్‌కు ఇవేవీ తెలియవు. ఆయన ఖాకీలోనే, బిళ్లతోనే అడవిలో నడుస్తున్నాడు.

శనివారం తెల్లవారగానే నా ధోవతి ఒకటి, అంగీ ఒకటి మూటగట్టుకున్నాను. బీబమ్మకు చెప్పి పోదామా అనుకున్నాను. ఆమె గది తలుపు మూసి ఉంది. లోపల ఆమె ఉందని తెలుసు. ఆడమనిషి, ఒంటరిది, చెబితే భయంతో చచ్చిపోతుంది, తీసుకొచ్చాకే చెబుదాం అనుకుని తట్టకుండానే వెళ్లిపోయాను.

లెక్క నాకు తేటగా ఉంది. సోమవారం పోయిన మనిషి శనివారం చీకటిపడేసరికి ఆరో మజిలీ అయిన తండా చేరతాడు. ఆదివారం తండా నుంచి గుడిసెకు వస్తాడు. నేను చుట్టు చివరి వైపు నుంచి ఎదురు పోతే ఆదివారం పొద్దున ఎక్కడో ఒకచోట కలుస్తాం. అందుకని అడవిని ఎడమచేతి వైపు పెట్టుకుని నడిచాను.

మధ్యాహ్నానికి ఆ పదకొండు కుప్పలున్న చోటికి వచ్చాను. అవి నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటి నడుమెత్తున, చిన్నరాయి పెద్దరాయి సందుల్లో కుదిరి, కొత్త సున్నంతో మెరుస్తున్నాయి. ఆ క్షణంలో నాకు కలిగిన భావం ఏమిటో దాచుకోకుండా రాయాలి. సంతోషం కలిగింది. బతికిపోయానురా దేవుడా, అధికారి వచ్చినా నా అబద్ధం బయటపడదు అనుకున్నాను. ఎవరు పేర్చారు, ఎప్పుడు పేర్చారు అన్న ఆలోచనే నాకు రాలేదు. జొన్నరొట్టె తిని, ఆ కుప్ప నీడలోనే కాసేపు కూర్చుని, లేచి గుడిసె వైపు పోయాను.

గుడిసెలో మనుషులెవరూ ఉండరు. ఆ రాత్రి అక్కడ పడుకుని, ఆదివారం పొద్దున్నే తండా దారి పట్టాను. ప్రతి మలుపులో ఆయన దగ్గు వినిపిస్తుందని చెవి పెట్టాను. ఎక్కడా వినిపించలేదు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి తండాకే చేరాను. అక్కడి పెద్ద రూప్లా నాయక్ మంచం వాల్చి నీళ్లిచ్చాడు.

"మా చిచ్చ ఇంక బయలెల్లలేదా?" అన్నాను.

"ఎవలు, మదార్ సాబా? మంగళవారం నాడే వచ్చి పోయిండు గదా."

నాకు అర్థం కాలేదు. "మంగళవారమా? గప్పుడు గీడికెట్ల వస్తడు?"

రూప్లా నవ్వాడు. "ఈసారి ఎదురు చుట్టు నడుస్తుండు. గుడిసె దిక్కుకెళ్లి వచ్చిండు. నీ రాళ్లు పోయిన నెలనే ఒక్కడే పోయి చూసిండట, అట్లనే పడి ఉన్నయట. పెద్దసాబ్ అనుకోకుంట ముందుగాల్నే వస్తే ఎట్లని, ముందు గవ్వే పేర్చి వచ్చిండు. సోమవారం పగలంత, రాత్రి ఎన్నెలల గూడ పేర్చిండట. చేతులన్ని చీరుకపోయినయి. నేనే పసుపు పెట్టిన."

"నన్నేమన్న అన్నడా?"

"ఏమంటడు? కొత్తగ పెండ్లైన పోరడు, వానకు పోబుద్ధి కాలేదేమో అని నవ్విండు. నీకు చెప్పద్దన్నడు. నేను చెప్పిన అనకు."

నేను లెక్క కట్టుకున్నాను. ఎదురు నడిచే మనిషి ఆదివారం సాయంత్రానికి మొదటి మజిలీకి వస్తాడు. అది అడవి అంచున ఉన్న ఊరు. ఆ ఊరిపైన నెల కిందనే రజాకార్లు పడి ఇళ్లు కాల్చారు. ఆ ఊరు దాటి ఆయన సోమవారం మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. నేను చుట్టుకు పూర్తిగా ఇటు చివర ఉన్నాను.

వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తాను. ఎక్కడ పడ్డానో, ఎక్కడ లేచానో గుర్తులేదు. ఆ పదకొండు కుప్పల దగ్గరికి మళ్లీ వచ్చినప్పుడు మాత్రం వాటివైపు చూడలేకపోయాను. నిన్న ఇక్కడ నిలబడి ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే, అప్పుడే వెనక్కి తిరిగి ఉంటే, ఆదివారం పొద్దున్నే అటువైపు అడవిలోకి పోయి ఆయనను కలిసేవాణ్ని. ఆ ఊరు చేరకముందే ధోవతి కట్టించేవాణ్ని.

మా ఊరి పక్క నుంచే పోయి, సోమవారం మధ్యాహ్నం దాటాక ఆ ఊరికి చేరాను. ఊరి బయట చింతచెట్టు దగ్గర ఎల్లవ్వ అనే ముసలామె ఒక్కతే కూర్చుని ఉంది. చుట్టు తిరిగినప్పుడల్లా మేం ఆమె ఇంటి ముందు చల్ల తాగేవాళ్లం. ఆమె ముందు నేల మీద ఒక పాత చీర పరిచి ఉంది. చీర కింద నుంచి రెండు పాదాలు కనబడుతున్నాయి. మడమలకు ఆకుపసరు నల్లగా ఎండిపోయి ఉంది.

"మా ఊరోళ్లు గాదు బిడ్డా," అంది ఎల్లవ్వ. "యాడికెళ్లో వచ్చినోళ్లు. రాత్రి అడివిల్నే ఆగిండేమో, పొద్దుగాల ఆయిన రాంగనే ఖాకి బట్ట చూసి పట్టుకున్నరు. గీయిన మా మదార్ సాబు అని నేను ఉరుక్కుంటనే ఒర్లిన. ఇనేటోడు ఎవడు? నేనొచ్చేవరకే అయిపోయింది."

ఆ ఊరివాళ్లు కాదన్న మాట నిజమో కాదో నేను అడగలేదు. ఇప్పటికీ తెలియదు. ఎల్లవ్వ కొడుకు, మరో ఇద్దరు వచ్చారు. మేం నలుగురం అడవి అంచునే గొయ్యి తవ్వాం. ఏ మంత్రం చదవాలో మాకెవ్వరికీ తెలియదు. మొహం పడమటికి తిప్పాలని మాత్రం నాకు తెలుసు. తిప్పాను. ఆయన అరచేతులు రాళ్లకు చీరుకుపోయి, రూప్లా పెట్టిన పసుపుతో ఇంకా పచ్చగా ఉన్నాయి. ఆ చేతుల మీద నా కొత్త ధోవతి కప్పాను.

బీబమ్మకు ఆ సాయంత్రమే చెప్పాను. ఆమె ఏడవలేదు. ఎక్కడ పెట్టారని అడిగింది, తల ఎటు పెట్టారని అడిగింది. తర్వాత లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నేను, నా భార్య రోజూ అన్నం తీసుకుపోయేవాళ్లం. రాళ్ల సంగతి మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయేది. నలభై రోజులు అట్లా గడిచాయి. నలభయ్యో రోజు ఆమె ఫాతేహా చదివించి, పేదలకు పెట్టి, చివర నాకు అన్నం వడ్డించింది. ముద్ద నోట్లోకి పోలేదు. అంతా చెప్పేశాను. అబద్ధం, కాగితం, ఆయన ఎదురు నడవడం, నేను అటు పోవడం, అన్నీ.

ఆమె వింటూ గిన్నెలో గరిటె అట్లాగే పట్టుకుని కూర్చుంది. నేను చెప్పడం అయ్యాక అంది.

"నాకు ఎరికే బేటా. పొయ్యేనాడే చెప్పిండు. ఈసారి గుడిసె దిక్కుకెళ్లి పోతున్న, రాళ్లున్నయి అన్నడు. నర్సింలుకు చెప్పకు, సిగ్గుపడ్తడు అన్నడు." గరిటె కింద పెట్టింది. "శనివారం నువ్వొచ్చి నా తలుపు ముందట నిలబడ్డది సందులకెళ్లి చూసిన. తలుపు తియ్యాలంటే భయమైంది. నువ్వు పిలుస్తవేమో, తీద్దామని నిలబడ్డ. నన్నొక్క మాట అడిగి పోతే అయిపోతుండె గద బేటా."

అందులో కోపం లేదు. నన్ను నిందించాలని కూడా కాదు. తలుపుకు అటు నేను, ఇటు ఆమె, ఇద్దరం నిలబడ్డామని చెప్పింది, అంతే. తర్వాత నా కంచంలో మరో గరిటె వేసి తినమంది. తిన్నాను.

ఆమె ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. మా ఇంటి పక్క గదికే తెచ్చి పెట్టుకున్నాం. నా పిల్లలు ఆమెను నానీ అనేవారు. ఆ తలుపు మాట ఆమె మళ్లీ అనలేదు, నేను ఎత్తలేదు. అధికారి ఆ ఏడు రానేలేదు. సర్కారు మారి, జంగ్లాత్ పేరు మారింది. నేను అదే నౌకరీలో ముసలివాణ్నయ్యాను. నమ్మకస్తుడని నాకు పేరు కూడా వచ్చింది. ఎవరైనా ఆ మాట అంటే నేను విననట్టు ఊరుకుంటాను.

పోయిన ఏడు మా పెద్దవాడికి దవాఖానలో ఏదో పెద్ద జబ్బని చెప్పారు. చిన్నవాడు నన్ను పక్కకు పిలిచి, "అమ్మకు ఇప్పుడే చెప్పద్దు బాపు, తట్టుకోలేదు" అన్నాడు. వాడు ప్రేమతోనే అన్నాడు. నేను కర్ర తీసుకుని వంటింట్లోకి వెళ్లి, నా భార్య పక్కన పీట మీద కూర్చుని, ఉన్నదున్నట్టు అంతా చెప్పాను. ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే పొయ్యి ఆర్పి, చెప్పులు వేసుకుని, "పా, పోదాం" అంది.